పందెం లేని నెలలు

ముంబై మారథాన్ ఏటా జనవరి మూడో ఆదివారం జరుగుతుంది. ఒక ఏడాది ఆ రేసు కోసం కర్నూలులో రైలెక్కే ముందు నా బరువు 58 కిలోలు. ఉగాది నాడు తలంటు పోసుకుని, పంచె కట్టుకోకముందే కాంటా ఎక్కితే 62 చూపించింది. దిగి మళ్ళీ ఎక్కాను. అదే అంకె. వంటింట్లో భక్ష్యాలు కాలుస్తున్న మా అవ్వ నా మొహం చూసి, "ఏమయ్యిందిరా? ఇప్పుడే మనిషి మాదిరి ఉండావు. అప్పుడు కట్టె మాదిరి ఉంటివి" అన్నది. ఆమెకు ఆ నాలుగు కిలోలు పండగలా కనిపించాయి. నాకు మాత్రం ఏడాది కష్టం నీళ్ళపాలైనట్టు అనిపించింది.

ఆ పూట భక్ష్యం ముట్టలేదు. మర్నాటి నుంచి ఒంటిపూట భోజనం. పొద్దునా సాయంత్రం కేసీ కాలువ గట్టు మీద పరుగు. ఏప్రిల్ ఎండకు చెమట ధారలు కడితే కొవ్వు కరుగుతోందని సంబరపడ్డాను. మూడు వారాల్లో ఐదు కిలోలు తగ్గాను. మే నెలంతా నిద్ర సరిగా పట్టలేదు, ఊరికే కోపం వచ్చేది, మెట్లెక్కితే తొడలు బరువెక్కేవి. జూన్‌లో ఎడమ ముంగాలి ఎముక లోపల ఒకచోట వేలు పెడితే చాలు, ప్రాణం పోయేంత నొప్పి. ఎముకకు సన్నని చీలిక వచ్చిందని డాక్టరు చెప్పారు. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు కట్టిన డబ్బు పోయింది. పరిగెత్తాల్సిన ఉదయాన ఇంట్లో మంచం మీద కూర్చుని ఉన్నాను.

నాలుగు కిలోలు పెరగడం వల్ల నాకు ఏ నష్టమూ జరగలేదు. వాటిని చూసి భయపడటం వల్ల ఆ సీజనంతా పోయింది. ఈ అధ్యాయం రాయడానికి కారణం అదే.

కాలు నయమవుతున్న రోజుల్లో బంధువుల పెళ్ళికని బనగానపల్లె వైపు ఒక ఊరికి వెళ్ళాను. అక్కడ బండలాగుడు పోటీలకు ఎద్దులను సాకే పెద్దాయన ఒకరు పరిచయమయ్యారు. కొట్టంలో రెండు ఎద్దులు కట్టేసి ఉన్నాయి. వాటి మూపురాల మీద చెయ్యి వేస్తే రాతిని తాకినట్టుంది. పందేలు లేనప్పుడు వీటిని ఎట్లా చూసుకుంటారని అడిగాను. ఆయన చెప్పింది ఇది: "పందెం లేని నెలల్లో ఉలవలు తగ్గిస్తాం నాయనా. మేత తగ్గియ్యం. కాడి దించుతాం గానీ నడక మాన్పియ్యం. ఉలవలు అట్లనే పెడితే కొవ్వు పట్టి బండ కాడ రొప్పుతాది. మేత గూడా తగ్గిస్తే మళ్ళ పందానికి ఎముకలే మిగుల్తాయి." నేను అప్పటిదాకా చదివిన పుస్తకాల్లో ఉన్నదంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. నేను చేసింది దానికి పూర్తిగా తలకిందులు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉలవలు తగ్గించలేదు, నడక మానేశాను. ఏప్రిల్‌లో మేత కూడా మానేసి కాడి ఎత్తుకున్నాను.

ముందు ఆ పెరిగిన బరువు ఏమిటో చూద్దాం. రేసు అయిన వారం పది రోజుల్లో కిలో, కిలోన్నర పెరిగితే అది దాదాపుగా నీళ్ళు. మనం తిన్న అన్నం, సంగటి కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజన్‌గా నిలవ ఉంటుంది. బాగా శిక్షణ పొందిన ఒంట్లో ఇది దాదాపు అర కిలో దాకా ఉండగలదు. ప్రతి గ్రాము గ్లైకోజన్ తనతోపాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. రోజూ పరిగెత్తేవాడి ఒంట్లో ఈ గాదె తరచూ కొంత ఖాళీగానే ఉంటుంది. పరుగు ఆపగానే నిండిపోతుంది. దెబ్బతిన్న కండరాలు మరమ్మతు చేసుకుంటూ మరికొంత నీరు పట్టుకుంటాయి. కాబట్టి రేసయ్యాక మొదటి పది రోజులు కాంటాను మంచం కిందకు తోసేయండి. అది చూపే అంకె ఆ రోజుల్లో మీకు దేనికీ పనికిరాదు.

ఆ తర్వాత పెరిగేది కొవ్వు. దాని లెక్క తేలికే. పరుగులో కిలోమీటరుకు, మన ఒంటి బరువులో కిలోకు, సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 58 కిలోల మనిషి వారానికి 80 కిలోమీటర్లు పరిగెడితే 4,640 కేలరీలు. అంటే రోజుకు 660. ఒక కిలో కొవ్వులో ఉండేది సుమారు 7,700. పరుగు ఆపేసి తిండి మాత్రం అట్లాగే తింటే వారానికి అర కిలో పైనే పేరుకోవాలి. కొంత ఆకలి దానంతటదే తగ్గుతుంది కాబట్టి అంత పెరగదు. కానీ ఆకలి తగ్గినంత త్వరగా అలవాటు తగ్గదు. చెయ్యి రెండో ముద్దకు వెళ్తూనే ఉంటుంది.

మన వైపు ఇంకో చిక్కుంది. చలిదేశాల్లో ఆఫ్ సీజన్ శీతాకాలంలో వస్తుంది. మనకు పెద్ద రేసులు ఆగస్టు నుంచి జనవరి దాకా: హైదరాబాద్, ఢిల్లీ, విశాఖ, కోల్‌కతా, చివరకు ముంబై. అవి అయిపోయాక మనకు మిగిలేది ఎండాకాలం. కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. పొద్దున ఏడున్నరకే రోడ్డు వేడెక్కుతుంది. మధ్యాహ్నం గడప దాటలేం. సరిగ్గా ఆ నెలల్లోనే ఉగాది, పెళ్ళిళ్ళు, ఊరి జాతరలు, వేసవి సెలవుల చుట్టాలు, మామిడిపండ్లు. ఒంటికి పని బాగా తగ్గే కాలమూ, విస్తరి ముందు ఎక్కువసేపు కూర్చునే కాలమూ ఒకటే. ఇందులో మీ బలహీనత ఏమీ లేదు. కాలమే అట్లా ఉంటుంది. తెలిసి నడుచుకోవాలి, అంతే.

పెరగనిస్తూ పోతే ఏమవుతుందో చెప్పడానికి ప్రపంచానికి బాగా తెలిసిన ఉదాహరణ యాన్ ఉల్రిచ్. 1997లో 23 ఏళ్ళ వయసులో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచిన జర్మన్. ఇంకో పదేళ్ళు ఇతనిదే రాజ్యం అనుకున్నారు. ఆ చలికాలం బాగా ఒళ్ళు చేశాడు. వసంతమంతా ఆ బరువు దించుకోవడానికే సరిపోయింది. 1998లో మార్కో పంతాని వెనక రెండో స్థానం. ఆ తర్వాత కూడా చాలా చలికాలాలు అతనికి ఇదే కథ. టూర్ మళ్ళీ ఎన్నడూ గెలవలేదు. దానికి బరువొక్కటే కారణమని నేను అనను. కానీ శిక్షణకు వాడుకోవాల్సిన నెలలు బరువు దించుకోవడంలో కరిగిపోయిన మాట నిజం.

మరి ఎంత పెరగొచ్చు? రేసు నాటి బరువు మీద 3 నుంచి 5 శాతం పెరిగితే కంగారు పడొద్దని నా మాట. 58 కిలోల మనిషి 60, 61 దాకా పోవచ్చు. పోవాలి కూడా. రేసు నాటి బరువు ఏడాదంతా మోయాల్సింది కాదు. పందెం రోజుకు నూరిన కత్తి లాంటిదది. రోజూ నూరితే కత్తి అరిగిపోతుంది. ఎముక గట్టిపడాలన్నా, హార్మోన్లు కుదుటపడాలన్నా, పాత నొప్పులు మానాలన్నా ఒంటికి కొంత మిగులు కావాలి.

కొలవడానికి కాంటా కంటే మంచి సాధనం మన ఊళ్ళలో ఎప్పటి నుంచో ఉంది. మొలతాడు. రేసుకు ముందు రోజు బొడ్డు మీదుగా ఒదులుగా, వేలు దూరేంత సందుతో ముడి వేసుకోండి. వేలు దూరినంతకాలం దిగులు లేదు. వేలు దూరడం కష్టమైతే ఉలవలు తగ్గించాల్సిన సమయం వచ్చినట్టే. తాడు ఒంటి మీద గీత పెడితే ఆలస్యమైనట్టు. ఆడవాళ్ళకు పాత జాకెట్టు, చుడీదారు నాడా ఇదే పని చేస్తాయి. మన దేశపు ఒళ్ళలో కొవ్వు ముందు పొట్ట దగ్గరే చేరుతుంది. చేతులు కాళ్ళు సన్నగానే ఉండి పొట్ట మాత్రం పెరిగే మనుషులం మనం. ఆ సంగతి కాంటా చెప్పదు, తాడు చెబుతుంది. కాంటా కావాలంటే వారానికి రెండుసార్లు, లేవగానే, దొడ్డికి పోయొచ్చాక, నీళ్ళు తాగకముందు. ఎండాకాలం సాయంత్రం చూసే బరువు ఎంత చెమట పోయిందో చెబుతుంది, ఎంత కొవ్వుందో కాదు.

ఇక తిండి. మా ఇంట్లో ఇది ఎట్లా కుదిరిందో చెబుతాను. సీజన్‌లో మధ్యాహ్నం నా పళ్ళెంలో రెండు సంగటి ముద్దలు, పప్పు, ఊరుబిండి, పైన నెయ్యి, మళ్ళీ పెరుగన్నం. ఆఫ్ సీజన్‌లో సంగటి ఒక ముద్ద. పప్పు గిన్నె మాత్రం అదే, కొంచెం పెద్దదైనా సరే. గోగాకు, బెండకాయ, వంకాయ, ఏదో ఒక కూర సంగటి కంటే ఎక్కువ జాగా తీసుకోవాలి. సంగటి మానేయమని ఎవరైనా చెబితే వినొద్దు. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పరిగెత్తేవాడి ఎముకకు అది కావాలి, నా ముంగాలే సాక్ష్యం. రాత్రికి అన్నం బదులు రెండు జొన్న రొట్టెలు, కూర, మజ్జిగ. జొన్న రొట్టె నమిలి తినాలి. నమిలేలోపు కడుపు నిండిన కబురు తలకు చేరుతుంది.

ఊరుబిండి దగ్గర కొంచెం ఆగాలి. అందులో పడే చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, మన సీమకు దేవుడిచ్చిన మాంసం. గుప్పెడు, అంటే 30 గ్రాములు తింటే ఏడెనిమిది గ్రాముల ప్రొటీన్ వస్తుంది. దాంతోపాటు 170 కేలరీలు కూడా వస్తాయి. సాయంత్రం చుట్టాలతో అరుగు మీద కూర్చుని ఉడికించిన కాయలు ఒలుస్తూ ఉంటే ఎన్ని గుప్పెళ్ళు పోయాయో లెక్క ఉండదు. నేను చేసేదొకటే: నా వాటా గిన్నెలో వేసుకుని, బుట్ట అవతలి వాళ్ళ వైపు జరుపుతాను. ఉగ్గాని కూడా అంతే. నానబెట్టిన బొరుగులు తేలికే. బరువంతా పక్కన పెట్టే మిరపకాయ బజ్జీలదీ, తిరగమాత నూనెదీ. ఒక పెద్ద చెంచా నూనెలో 120 కేలరీలు. అంటే రెండు కిలోమీటర్ల పరుగు.

ప్రొటీన్ మాత్రం తగ్గకూడదు. పరుగు లేని రోజుల్లో కండ కరగకుండా నిలబెట్టేది అదే. మామూలు మనిషి కంటే మనకు ఎక్కువ కావాలి: ఒంటి బరువులో కిలోకు కనీసం 1.4 గ్రాములు. 58 కిలోలకు 81 గ్రాములు. రెండు పూటలా గిన్నెడు పప్పు, రెండు గుడ్లు, కప్పు పెరుగు, గ్లాసు పాలు, గుప్పెడు చెనిక్కాయలు, సాయంత్రం ఉలవ గుగ్గిళ్ళు, రొట్టె సంగటుల్లో ఉండేది కలిపితే ఆ అంకె దగ్గరకు వచ్చేస్తాం. వారానికి రెండుసార్లు కోడికూర ఉంటే ఇంకా మేలు. డబ్బాల పొడి కొనాల్సిన పని లేదు. ఎద్దుకు తగ్గించమన్న ఉలవలు మనకు పెట్టమంటున్నానేమిటని అనుకోకండి. ఎద్దు విషయంలో ఉలవలంటే దాని రోజువారీ మేత మీద వేసే అదనపు బలం. మన విషయంలో ఆ అదనం రెండో ముద్ద, నెయ్యి, బజ్జీ, పరుగు తర్వాత తాగే తీపి. ఎవరి ఉలవలు ఏవో వాళ్ళు తెలుసుకోవాలి.

తీపి అన్నాను కాబట్టి షర్బత్ సంగతి. కర్నూలు బజార్లో ఎండకు తిరిగి నన్నారి షర్బత్ తాగితే ప్రాణం లేచి వస్తుంది. అందులో చల్లదనం నన్నారిది, బరువు చక్కెర పాకానిది. రోజుకు మూడు గ్లాసులు తాగి అన్నం తగ్గించి ప్రయోజనం లేదు. దప్పికకు ఉప్పేసిన పలచని మజ్జిగ, రాగి అంబలి చాలు. మామిడిపండు మానొద్దు. బనగానపల్లె పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నేల పక్కన పుట్టి ఆ పండు తినకుండా ఎండాకాలం గడపమని నేను ఎవరికీ చెప్పను. భోజనం తర్వాత కాకుండా సాయంత్రం నాలుగింటికి ఒక పండు తినండి. అప్పుడు అది బజ్జీకి బదులవుతుంది.

సంగటి తిని పరుగేమిటని వెక్కిరించేవాళ్ళు ఇంకా ఉన్నారు. ప్రపంచంలోకెల్లా గొప్ప దూరపరుగువీరులు పుట్టిన కెన్యాలో వాళ్ళు రోజూ తినేది ఉగాలి. మొక్కజొన్న పిండిని మరిగే నీళ్ళలో కెలికి ముద్ద చేసి, ఆకుకూరతో తింటారు. మన సంగటికి తోబుట్టువు అది. వాళ్ళలోనూ పెద్ద రేసు తర్వాత కొన్ని వారాలు పరుగు ఆపి, కొంత ఒళ్ళు చేసి, మళ్ళీ మొదలుపెట్టే వాళ్ళు చాలామంది.

నడక సంగతి. మొదటి రెండు వారాలు పరుగు వద్దు. మనసుకూ ఆ విరామం కావాలి. కానీ కదలిక ఉండాలి. పొద్దున ఐదింటికి లేచే అలవాటు చెడగొట్టుకోకండి. ఆ గంట నడవండి, కాలువలో నీళ్ళున్నచోట ఈత కొట్టండి, సైకిలెక్కండి. మూడో వారం నుంచి వారానికి మూడు నాలుగు రోజులు, మాట్లాడుకుంటూ పోగలిగే వేగంతో అరగంట. వారానికి రెండు రోజులు బస్కీలు, దండాలు, మెట్లు. దీనికి ఆధారం ఉంది. ఎడ్వర్డ్ కోయల్ బృందం 1984లో ప్రచురించిన పరిశోధనలో, శిక్షణ పూర్తిగా ఆపేసిన వాళ్ళ ఆక్సిజన్ వాడే శక్తి మూడు వారాల్లో 7 శాతం, ఎనిమిది వారాలకు 16 శాతం పడిపోయింది. మూడు వారాల విరామం మనల్ని ముంచదు. రెండు నెలలు మంచం దిగకపోతే మాత్రం మళ్ళీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి.

ఈ విరామం మన చేతిలో లేకుండా వచ్చిపడిన సందర్భం మన జిల్లాల్లో చాలా ఇళ్ళు చూశాయి. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమినరీ పరీక్ష. 1,600 మీటర్ల పరుగు ఉండే దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది మాత్రం 2024 డిసెంబరు 30న. దాదాపు రెండేళ్ళు. మగవాళ్ళు ఆ దూరాన్ని 8 నిమిషాల్లో పూర్తి చేయాలి. రేపో మాపో పిలుస్తారని తిండి తగ్గించి రోజూ గడియారం పెట్టి పరిగెత్తినవాళ్ళు మోకాళ్ళు పట్టేసి కూలబడటం చూశాను. ఇక పిలవరని వదిలేసినవాళ్ళు పది కిలోలు పెరిగి, కబురు రాగానే నెలలో దించాలని చూశారు. తట్టుకున్నది మధ్యలో ఉన్నవాళ్ళు: వారానికి మూడు రోజులు తేలిక పరుగు, కూలిపనో పొలంపనో, మామూలు తిండి. తేదీ తెలియనప్పుడు అదొక్కటే దారి.

ఇప్పుడు చెప్పబోయేది తల్లిదండ్రులూ, పీఈటీ సార్లూ, కోచ్‌లూ మనసు పెట్టి చదవాలి. కడప క్రీడా పాఠశాల లాంటి చోట్ల చదివే పిల్లలు వేసవి సెలవులకు ఇల్లు చేరతారు. పద్నాలుగేళ్ళ పిల్ల సెలవుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఆఫ్ సీజన్ బరువు కాదు, ఎదుగుదల. దాన్ని దించాలని చూడటం పాపం. ఎదిగే పిల్లలకు ఈ అధ్యాయంలోని తగ్గింపులేవీ వర్తించవు. పరిగెత్తే ఆడపిల్లకు మూడు నెలలుగా నెలసరి రాకపోతే, "ఆటగాళ్ళకు ఇది మామూలే" అనొద్దు. అది తిండి చాలడం లేదని ఒళ్ళు పెట్టే మొర. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లోనే ఈ శక్తి లోటుకు పేరు పెట్టి హెచ్చరించింది: ఎముకలు గుల్లబారతాయి, రక్తం తగ్గుతుంది, గాయాలు మానవు. మగపిల్లలకూ ఇదే ప్రమాదం ఉంది, కాకపోతే బయటికి కనిపించే గుర్తు తక్కువ. డాక్టరుకు చూపించండి. గ్రౌండులో అందరి ముందు పిల్లల బరువు గట్టిగా చదవకండి. ఆ ఒక్క మాటకు అన్నం ముందు నుంచి లేచిపోయిన పిల్లలను నేను చూశాను.

దించడం ఎప్పుడు? తొలకరి పడ్డాక. ఆగస్టు చివరి రేసుకు జూన్ మొదటి వారం మంచి ముహూర్తం. చేతిలో పన్నెండు వారాలు ఉంటాయి. పరుగు దూరం మెల్లగా పెరుగుతుంటే, తిండిలో రోజుకు రెండు మూడు వందల కేలరీలు తగ్గితే చాలు. వారానికి పావు కిలో, అర కిలో లోపు. అంతకంటే వేగంగా దిగితే కండ కూడా పోయే ప్రమాదం ఉంది. గట్టి శిక్షణ రోజున తగ్గించొద్దు, విశ్రాంతి రోజున తగ్గించండి. రేసుకు రెండు వారాల ముందు ఎంత ఉంటే అంత, ఇక ఆ విషయం వదిలేయండి. ఆకలితో స్టార్టింగ్ లైను దగ్గర నిలబడిన మనిషి 30వ కిలోమీటరు దగ్గర ఆ ఆకలికి వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది.

నేను ఇప్పుడు ప్రతి ఏడూ ఇదే చేస్తున్నాను. పోయిన ఉగాదికి కాంటా 60.5 చూపించింది, మొలతాడు కింద వేలు దూరింది. ఆ పూట నెయ్యి వేసుకుని రెండు భక్ష్యాలు తిన్నాను. మా అవ్వ ఇంకొకటి వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాను.